కథను కంచికి చేర్చండి

తెలుగు ఫిల్మ్ ఛాంబర్ పెద్దలకు, నిర్మాతల మండలి సభ్యులకు, ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ చిత్రాలు తీస్తున్న నిర్మాతలకు, దర్శకులకు ఒక ప్రేక్షకుడి నమస్కారాలు.

కథ కంచికి, మనం ఇంటికి. మన ఇళ్లలో కథలు ఈ మాటతోనే ముగుస్తాయి. ఇది వినపడితే తప్ప పిల్లలు నిద్రకు ఒప్పుకోరు. మీరు ఇప్పుడు తీస్తున్న భారీ ఫాంటసీ సినిమాల్లో ఈ మాట వినపడటం అరుదైపోయింది. మూడు గంటలు కూర్చోబెట్టాక కథ నడిదారిలో ఆగుతుంది, తెర మీద రాబోయే భాగం ప్రకటన పడుతుంది, హాల్లో లైట్లు వెలుగుతాయి. ప్రేక్షకుడు కంచికి చేరని కథను మోసుకుని ఇంటికి వెళ్తాడు. టికెట్ డబ్బు మాత్రం పూర్తిగా, చాలాసార్లు మామూలు ధర కంటే ఎక్కువగా, మొదటి వారంలోనే మీకు చేరిపోతుంది. సగం కథకు పూర్తి ధర వసూలు చేయడం వ్యాపార నీతి అవుతుందా? వచ్చే భాగం ఎప్పుడో చెప్పలేనివారు ఈ భాగాన్ని విడుదల చేయడం సబబేనా? ఈ పద్ధతిని మేము అంగీకరించలేమని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఫాంటసీ అంటే చిన్నచూపు ఉన్నవాడిగా కాదు, ఆ కథలంటే ప్రాణం పెట్టేవాడిగా రాస్తున్నాను.

అందరికీ తెలిసిన ఉదాహరణతోనే మొదలుపెడతాను. 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ' తెలుగు సినిమా ఊహాశక్తిని కొత్త మెట్టు ఎక్కించింది. ఎండిపోయిన కాశీ, ఆకాశంలో తలకిందుల పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్, దాగి ఉన్న శంబల, వేల ఏళ్లుగా శాపం మోస్తూ తిరిగే అశ్వత్థామ: ఇలాంటి లోకాన్ని మన భాషలో మనవాళ్లే కట్టగలరని దర్శకుడు నాగ్ అశ్విన్ బృందం నిరూపించింది. ఆ గౌరవం వారికి దక్కాలి. కానీ మూడు గంటలు చూశాక మన చేతికి అందిన కథ ఎంత? గర్భిణి సుమతి గతి ఏమవుతుందో తెలియదు. ఆమె కడుపులోని బిడ్డ లోకం చూస్తాడో లేదో తెలియదు. కథానాయకుడు భైరవ నిజంగా మారాడో లేదో తెలియదు. ప్రతినాయకుడు యాస్కిన్ లేచి నిలబడి గాండీవం ఎత్తేసరికే సినిమా అయిపోతుంది. అసలు పోరు మొదలవ్వాల్సిన చోట తెర పడింది. టైటిల్‌లో మొదటి భాగం అన్న మాట లేదు. 2025 సెప్టెంబరులో, సుమతి పాత్ర పోషించిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండరని నిర్మాణ సంస్థే ప్రకటించింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న చర్చ నాకు అనవసరం. కథకు కేంద్రమైన పాత్రను మధ్యలో వదిలితే ఆ తర్వాత ఎన్ని రకాల అడ్డంకులు రాగలవో ఈ ఒక్క ప్రకటన చెబుతోంది. తారల కాల్షీట్లు, ఒప్పందాలు, ఆరోగ్యాలు, పెట్టుబడులు ఏవీ ఎవరి చేతుల్లోనూ ఉండవు. ముగింపును వాటి దయకు వదిలేయడం ఎంతవరకు సమంజసం?

అసంపూర్తి కథ ఏ రకమైన సినిమాకైనా లోపమే. ఫాంటసీలో ఆ లోపం రెట్టింపు అవుతుంది. మామూలు కుటుంబ కథలో ప్రేక్షకుడికి లోకం ముందే తెలుసు, ఇల్లు తెలుసు, అప్పు తెలుసు, పెళ్లి తెలుసు. ఫాంటసీలో ఆ లోకాన్ని మీరు కొత్తగా చెప్పి నమ్మించాలి. ఇక్కడ మణికి ఈ శక్తి ఉంటుంది, ఈ శాపం ఇలా తీరుతుంది, కాలంలో వెనక్కి వెళ్తే ఇలా జరుగుతుంది అని మీరు నియమాలు పెడతారు. వాటిని గంటల తరబడి ఓపికగా విని ఒప్పుకోవడం ప్రేక్షకుడు మీకిచ్చే అప్పు. ఆ నియమాల వల్ల పాత్రలకు ఏం జరిగిందో, వారు ఏం పోగొట్టుకున్నారో, ఏం గెలిచారో చూపిస్తేనే ఆ అప్పు తీరుతుంది. నియమాలన్నీ చెప్పి ఫలితాన్ని వచ్చే భాగానికి వాయిదా వేస్తే, ప్రేక్షకుడు చూసింది కథ అనిపించుకోదు, కథకు పరిచయం అనిపించుకుంటుంది. పునాదులు, స్తంభాలు ఎంత ఘనంగా ఉన్నా పైకప్పు లేని కట్టడంలో ఎవరు కాపురం ఉంటారు?

కథను భాగాలుగా చెప్పడం మన సంప్రదాయంలోనే ఉందని మీలో కొందరు అనవచ్చు. నిజమే. ఆ సంప్రదాయం ఎలా నడిచిందో కూడా గుర్తు చేసుకోవాలి. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లో కాశీకి వెళ్లే ప్రయాణం సుదీర్ఘమే, కానీ మజిలీ మజిలీకి ఒక కథ దొరుకుతుంది. ప్రయాణం మిగిలి ఉన్నా ఆ పూట విన్న కథ చేతికి అందుతుంది. విక్రమార్కుడి భుజం మీద భేతాళుడు చెప్పే కథలదీ అదే పద్ధతి. భేతాళుడు మళ్లీ చెట్టెక్కినా ఆ రాత్రి కథ ముగుస్తుంది, ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. 1947లో మొదలైన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954 నుంచి 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు' వంటి ధారావాహికలు రాశారు. ప్రతి సంచికలోనూ కథ ఉత్కంఠ దగ్గరే ఆగేది. అయితే పాఠకుడు ఇచ్చింది ఒక సంచిక ధరే, ఆ ధరకు ధారావాహికతో పాటు బోలెడు పూర్తి కథలు దొరికేవి, తరువాయి భాగం మరుసటి నెలలో వచ్చేది. మీరు ఆ ధారావాహికలోని ఉత్కంఠను మాత్రం తీసుకున్నారు. దానికి పూచీగా నిలిచిన క్రమశిక్షణ ఎక్కడ?

సినిమా నిడివిలో పెద్ద లోకం ఇమడదన్న వాదనను మన సినిమా చరిత్రే ఒప్పుకోదు. 1951లో కె.వి.రెడ్డి గారి 'పాతాళ భైరవి' ఒక తోటమాలి కొడుకుకు రాకుమారి మీద ప్రేమ, నేపాళ మాంత్రికుడి ఎత్తులు, కోరిన కోర్కె తీర్చే శక్తి, మాయామహలు, అన్నీ ఒకే సినిమాలో చెప్పి ముగించింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' కాలయంత్రం ఎక్కించి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్లింది, అక్కడి నుంచి భవిష్యత్తులోకి విసిరింది, వజ్రం దొంగల కథను వర్తమానంలో ముడివేసి ఇంటికి చేర్చింది. మూడు కాలాలు, ఒకే టికెట్. 2025 ఏప్రిల్‌లో ఆ సినిమాను మళ్లీ విడుదల చేస్తే థియేటర్‌కు వచ్చినవారికి కథ మిగిలిపోయిందన్న వెలితి కలగలేదు. 2012లో 'ఈగ' చనిపోయిన ప్రేమికుడు ఈగగా పుట్టి పగ తీర్చుకున్న వింతను రెండుంబావు గంటల్లోపే నమ్మించి ముగించింది. 2022 ఆగస్టులో 'బింబిసార' త్రిగర్తల రాజును మాయాదర్పణం గుండా మన కాలానికి తెచ్చి, అతనిలో మార్పు తెచ్చి, లెక్క తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 'ఒకే ఒక జీవితం' పరిమితమైన ఖర్చుతో కాలయానాన్ని వాడుకుని, పోయిన తల్లిని మళ్లీ చూడాలన్న కొడుకు కోరికను కన్నీళ్లతో ముగింపుకు తెచ్చింది. వీటిలో కొన్నింటికి కొనసాగింపు తీస్తామన్న మాటలు తర్వాత వినిపించాయి. రేపు అవి రాకపోయినా ఈ సినిమాలకు వచ్చే నష్టం లేదు. మంచి కథకు కొలమానం ఇదేనని నా వాదన: రెండో భాగం ఎప్పటికీ రాకపోయినా మొదటిది నిలబడాలి.

అయితే 'బాహుబలి' సంగతేమిటని మీరు తప్పకుండా అడుగుతారు. 2015 జూలై 10న వచ్చిన మొదటి భాగం కట్టప్ప కత్తి పోటుతో ఆగింది, జవాబు 2017 ఏప్రిల్ 28న గానీ దొరకలేదు. ప్రేక్షకులు ఆ ఉత్కంఠను పండుగ చేసుకున్నారు కదా అని మీ వాదన. ఆ సినిమాను జాగ్రత్తగా చూస్తే నా వాదనే బలపడుతుంది. మొదటి భాగంలో శివుడు జలపాతం ఎక్కి తానెవరో తెలుసుకున్నాడు. దేవసేన సంకెళ్లు తెగాయి. కాలకేయులతో యుద్ధం మొదలై ముగిసింది. సింహాసనం ఎవరిదో శివగామి తేల్చింది. ఇన్ని ముడులు విప్పాక రాజమౌళి ఒక్క ముడి కొత్తగా వేశారు. అక్కడ మిగిలిన ప్రశ్న 'తర్వాత ఏమైంది' అన్నది కాదు, 'ఎందుకు జరిగింది' అన్నది. ప్రేక్షకుడి కడుపు నిండాకే మరో వంటకం మీద ఆశ పుట్టించారు. పైగా రెండు భాగాల కథా ముందే సిద్ధమై ఉంది. తర్వాత వచ్చినవారిలో చాలామంది ఆ చివరి నిమిషాన్ని మాత్రమే నేర్చుకున్నారు, దాని ముందున్న రెండున్నర గంటల పనిని నేర్చుకోలేదు. హాలీవుడ్ ఉదాహరణ చెప్పినా ఇదే తేలుతుంది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు భాగాలను పీటర్ జాక్సన్ కలిపి చిత్రీకరించారు, 2001, 2002, 2003 డిసెంబర్లలో ఏడాదికొకటి చొప్పున అవి వచ్చాయి. ఆ పూచీ మీరు ఇవ్వగలిగితే మేమూ సంతోషంగా ఎదురుచూస్తాం.

ఇప్పుడు సినిమాటిక్ యూనివర్స్ అన్న మాట మీ అందరి నోటా వినిపిస్తోంది. ఆ ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను. 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్' ఆ దారిలో మంచి అడుగు. అంజనాద్రి అనే ఊరు, రుధిరమణి దొరికిన ఒక చిల్లర దొంగ, సూపర్ హీరో కావాలన్న పిచ్చి పట్టిన మైఖేల్: వీరి కథ ఆ సినిమాలోనే ముగిసింది. పెద్ద తారల సినిమాల మధ్య నలిగిపోతుందనుకున్న ఆ చిన్న చిత్రం దేశమంతా ఆడింది, యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. కానీ అదే సినిమా చివర 'జై హనుమాన్' 2025లో వస్తుందని తెర మీదే మాట ఇచ్చారు. 2025 వెళ్లిపోయింది, సినిమా రాలేదు. కథ పూర్తయింది కాబట్టి ప్రేక్షకుడు పెద్దగా నష్టపోలేదు. అయినా థియేటర్ తెర మీద ఇచ్చిన మాట పత్రికా ప్రకటన కన్నా బరువైనది కాదా? స్క్రిప్టు చేతిలో లేకుండా సంవత్సరం ఎలా ప్రకటిస్తారు? పక్కనే ఉన్న మలయాళ సీమ చూడండి. 2025 ఆగస్టులో వచ్చిన 'లోక చాప్టర్ 1: చంద్ర' కూడా ఒక పెద్ద లోకానికి తొలి అధ్యాయమే. పేరులోనే అధ్యాయమని చెప్పారు. కళ్లియంకాట్టు నీలి అనే జానపద యక్షిని నేటి బెంగళూరులో నిలబెట్టి, ఆమె ఎవరో, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరితో పోరాడిందో ఆ సినిమాలోనే చెప్పారు. మన భారీ చిత్రాల ఖర్చుతో పోలిస్తే ఎంతో చిన్న బడ్జెట్‌తో తీసిన ఆ సినిమా తెలుగులోనూ ఆదరణ పొందింది. తలుపులు తెరిచి ఉంచడం వేరు, గోడలు కట్టకుండా వదిలేయడం వేరు.

మీ ప్రధానమైన అభ్యంతరం ఖర్చు. ఇంత పెద్ద లోకాన్ని కట్టడానికి వందల కోట్లవుతాయి, ఒక్క సినిమాతో ఆ డబ్బు తిరిగిరాదు, సెట్లు, గ్రాఫిక్స్ నమూనాలు రెండు మూడు భాగాలకు వాడితేనే గిట్టుబాటు అంటారు. ఈ లెక్కలో నిజం ఉంది, కాదనను. అయితే ఆ భారాన్ని ఎవరు మోస్తున్నారో కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చిలో వచ్చిన జీవో 13 ప్రకారం హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికాలు మినహాయించి 100 కోట్ల ఖర్చు దాటిన సినిమాలకు ప్రత్యేక ధరల వెసులుబాటు కల్పించారు. 'కల్కి'కి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండు వారాలపాటు టికెట్ మీద సింగిల్ స్క్రీన్లలో 75 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 125 రూపాయలు అదనంగా తీసుకోనిచ్చింది. తెలంగాణ ప్రభుత్వం ఎనిమిది రోజులు పెంపునకు ఒప్పుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో నలుగురున్న కుటుంబం మల్టీప్లెక్సుకు వెళ్తే ఆ పెంపు ఒక్కటే 500 రూపాయలు. మీరు ప్రభుత్వాల దగ్గరకు వెళ్లి ప్రజల జేబుల్లోంచి అదనంగా తీసుకునే అనుమతి అడిగినప్పుడు, అది మీకూ పంపిణీదారుకూ మధ్య ఉన్న వ్యవహారం కాకుండా పోయింది. ప్రజలు అందులో భాగస్వాములయ్యారు. సినిమాకు ఎంత ఖర్చయిందని జీవో అడుగుతుంది, కథ పూర్తయిందా అని అడగదు. ఆ ప్రశ్న అడగాల్సిన బాధ్యత పరిశ్రమ పెద్దలుగా మీ మీద లేదా? పెంపు లేకుండానే నడవవచ్చని చూపినవారూ మీలోనే ఉన్నారు. 2025 సెప్టెంబరులో వచ్చిన 'మిరాయ్' అశోకుడి తొమ్మిది గ్రంథాల చుట్టూ అల్లిన ఫాంటసీ. గ్రాఫిక్స్ నిండుగా ఉన్న ఆ సినిమాను సాధారణ ధరలకే ప్రదర్శించారు, కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి చూశారు. ఆ నిర్మాతలకు సాధ్యమైంది మిగతావారికి ఎందుకు సాధ్యం కాదు?

అసంపూర్తి ముగింపుల వెనుక మరో కారణం ఉందని నా అనుమానం. తేదీ ముందు ప్రకటించి సినిమాను ఆ తేదీకి సరిపెట్టే అలవాటు అది. సంక్రాంతి, దసరా, వేసవి అంటూ ముందే చోటు పట్టుకుంటారు. గ్రాఫిక్స్ చేసే యువకులు నెలల తరబడి రాత్రింబవళ్లు పనిచేసినా షాట్లు తెమలవు. అప్పుడు కథను కత్తిరించడం, మిగిలినదాన్ని తర్వాతి భాగమని పిలవడం సులువైన దారిగా కనిపిస్తుంది. ఈ విషయంలో 'విశ్వంభర' బృందం చేసిన పనిని మెచ్చుకోవాలి. 2024 దసరాకు వచ్చిన టీజర్‌లో గ్రాఫిక్స్ మీద విమర్శలు వచ్చాయి. 2025 సంక్రాంతికి రావాల్సిన సినిమా వాయిదా పడింది. ఆ ఆలస్యం గ్రాఫిక్స్ నాణ్యత కోసమేనని చిరంజీవి గారు స్వయంగా ప్రేక్షకులకు చెప్పారు. ఆలస్యం వల్ల వడ్డీల భారం పెరుగుతుందని అందరికీ తెలుసు. అయినా ఉడకని అన్నం వడ్డించడం కన్నా విస్తరి ముందు కాసేపు కూర్చోబెట్టడమే మర్యాద. ఇదే ఓపిక రచన దగ్గర కూడా చూపండి. తెర మీద ఒక్క నిమిషం గ్రాఫిక్స్‌కు పెట్టే ఖర్చులో చిన్న వంతు పెడితే, ఒక రచయితల బృందం ఏడాదిపాటు కూర్చుని ముగింపుతో సహా కథను దిద్దుతుంది. 'ఆదిత్య 369'కు జంధ్యాల గారు, 'పాతాళ భైరవి'కి పింగళి గారు మాటలు రాశారు. ఆ సినిమాల సెట్లు పాతబడ్డాయి గానీ మాటలు పాతబడలేదు.

ఇష్టమైతే చూడండి, లేకపోతే మానండి, ఎవరు బలవంతం చేశారు అని కొందరు అంటారు. ఏం కొంటున్నామో తెలిసినప్పుడే ఆ స్వేచ్ఛకు అర్థం ఉంటుంది. పోస్టర్ మీద, ట్రైలర్‌లో, టికెట్ మీద ఎక్కడా చెప్పకుండా, చివరి నిమిషంలో ఇది సగమేనని చెప్పడం ఎంపికకు తావు ఇవ్వడం కాదు. నవల కొంటే అట్ట మీద మొదటి సంపుటమని ఉంటుంది. పాఠకుడు తెలిసే కొంటాడు. సినిమా ప్రేక్షకుడికి ఆ పాటి మర్యాద దక్కకూడదా? ఇంకొందరు దీన్ని దర్శకుడి కళాస్వేచ్ఛలో జోక్యమంటారు. కథను ఎలా ముగించాలో, సుఖాంతమా దుఃఖాంతమా, ప్రశ్నతో వదలాలా జవాబుతోనా అన్నది నిస్సందేహంగా దర్శకుడి హక్కు. ముగింపులో ప్రశ్న మిగల్చడం కళ. ముగింపే రాయకపోవడం కళ ఎలా అవుతుంది? పైగా నేను చట్టం కావాలని అడగడం లేదు. థియేటర్ల వ్యవహారాల్లో, విడుదల తేదీల సర్దుబాట్లలో మీకు మీరే కట్టుబాట్లు పెట్టుకుంటూ వచ్చారు. ఇదీ అలాంటి కట్టుబాటే కావాలంటున్నాను.

అందుకే మీ ముందు నాలుగు విన్నపాలు ఉంచుతున్నాను. ఒకటి, సినిమా భాగాలుగా రాబోతుంటే ఆ మాట టైటిల్‌లో, పోస్టర్ మీద, టికెట్ బుకింగ్ పేజీలో స్పష్టంగా ఉండాలి. రెండు, తర్వాతి భాగం స్క్రిప్టు పూర్తయి, ప్రధాన నటులతో ఒప్పందాలు కుదిరాకే మొదటి భాగాన్ని విడుదల చేయాలి. అంతవరకు తెర మీద సంవత్సరాలు ప్రకటించకూడదు. మూడు, అసంపూర్తి కథతో వచ్చే సినిమాకు టికెట్ ధర పెంచమని ఏ ప్రభుత్వాన్నీ అడగబోమని మీరు తీర్మానం చేసుకోవాలి. నాలుగు, అన్నిటికన్నా ముఖ్యమైనది: ప్రతి భాగానికీ తనదైన ఆది, మధ్యం, అంతం ఉండాలి. ఈ నాలుగింటిలో మీకు పైసా నష్టం తెచ్చేది మూడోది ఒక్కటే. అది కూడా కథ పూర్తిగా చెప్పేవారికి వర్తించదు.

తెలుగు సినిమా ఇవాళ చిన్న పరిశ్రమ కాదు. మన ఫాంటసీల కోసం హిందీ, తమిళ ప్రేక్షకులు ఎదురుచూస్తున్నారు, అమెరికాలోని తెలుగువారు మొదటి రోజుకే మంచు రాత్రుల్లోనూ వరుసలు కడుతున్నారు. పురాణాలు, జానపదాలు, కాశీమజిలీలు, చందమామలు మనకు ఇచ్చినంత ఊహాసంపద చాలా భాషలకు లేదు. గ్రాఫిక్స్ నైపుణ్యం హైదరాబాద్‌లోనే పెరుగుతోంది. ఇన్ని ఉండి ముగింపు ఒక్కటి లేక మన సినిమాలు చిన్నబోవడం చూడలేకపోతున్నాం. మమ్మల్ని ఏ లోకానికైనా తీసుకెళ్లండి, నమ్మి వెంట వస్తాం. కథను కంచికి చేర్చి, మమ్మల్ని ఇంటికి పంపండి.

ఇట్లు,
తెలుగు సినిమాను ప్రేమించే ఒక ప్రేక్షకుడు